విల్లు పట్టిన ప్రతివాడూ భీం కాదు

ఆశ్వయుజ పౌర్ణమి దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. జోడేఘాట్‌లో కుమురం భీం వర్ధంతి జరిగే రోజులవి. పాత స్నేహితుల గ్రూపు, కాలనీ గ్రూపు, బంధువుల గ్రూపు, అన్నిట్లోనూ ఏదో ఒక నలుపు తెలుపు ఫోటో వచ్చి పడుతుంది. తలకు రుమాలు, నడుముకు గోచీ, చేతిలో విల్లు. కింద ఎర్రటి అక్షరాలు: "భీం అసలు ఫోటో. ఇప్పటిదాకా ఎవరూ చూడనిది. అందరికీ పంపండి." నిరుడు వచ్చిన మనిషికీ ఈ ఏడు వచ్చిన మనిషికీ పోలికే ఉండదు. ఒకసారైతే మనిషి వెనక కొబ్బరిచెట్లు బారుగా కనిపిస్తున్నాయి. కెరమెరి గుట్టల్లో కొబ్బరితోట ఎక్కడిదని అడిగితే, "నీకన్నీ అనుమానాలే అన్నా" అని ఒక తమ్ముడు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

భీం మీద గౌరవంతోనే పంపుతారు, కాదనను. మరి ఆ ఫోటోలో నిలబడ్డ మనిషి సంగతేంటి? అతనికీ తల్లిదండ్రులు పెట్టిన పేరుంటుంది, ఇంటిపేరుంటుంది, ఊరుంటుంది, బహుశా ఇప్పటికీ ఆ ఊళ్లో మనవలుంటారు. ఒక వీరుడి పేరు తగిలించగానే అతనెవరో వెతికే పని అక్కడితో ఆగిపోతుంది. మ్యూజియాల్లో, పుస్తకాల్లో ఇంకో రకం ఉంది. "గోండు విలుకాడు", "కోయ వేటగాడు" అని చీటీ రాసి పెడతారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది గానీ పని మాత్రం ఇక్కడా ఆగిపోయినట్టే. హన్మకొండలో నా ఫోటో తీసి కింద "తెలుగు బ్యాంకు ఉద్యోగి" అని రాస్తే నన్ను గుర్తుపట్టినట్టా?

అవును, ఉద్యోగం బ్యాంకులో. ఆదివారాలు పాత సామాన్ల దుకాణాల్లో. పాత ఫోటోలు పోగేయడం నాకున్న పిచ్చి, అందులో విలుకాళ్ల ఫోటో కనిపిస్తే అసలు వదలను. వీటిని ముందూ వెనకా తిరగేసి చూడగా చూడగా నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. పేరు తెలియని విలుకాణ్ని గుర్తుపట్టాలంటే విల్లును నమ్ముకోకూడదు. విల్లు ఎవరి చేతిలోనైనా పెట్టొచ్చు. పక్కన ఎవరున్నారో చూడాలి, కాయితం వెనక ఏముందో చూడాలి, ఆఖరికి ఆ కాయితం పట్టుకుని ఊరికి పోవాలి.

పేరు రాయకపోవడమన్నది ఊరికే వచ్చిన అలవాటు కాదు. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్‌వాళ్లు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చేశారు. వందలాది ఫోటోలు. దేశంలోని కులాలను, తెగలను వరుసపెట్టి నమూనాల్లా చూపించడం వాళ్ల ఉద్దేశం. నమూనాకు పేరెందుకు? తర్వాత వచ్చిన చాలా పుస్తకాలకు ఇదే అంటుకుంది.

అంత దూరం ఎందుకు, కాజీపేట నుంచి డోర్నకల్ పోయే లైన్లో నెక్కొండ స్టేషన్ ఉంది కదా. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చి ఆ నెక్కొండ దగ్గరి అడవుల్లో పులివేట ఆడాడు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలున్నాయి. దొరగారి పేరు, దొరసాని పేరు, చోటు, నెల అన్నీ పదిలంగా రాసిపెట్టారు. ఆ కాలపు వేటల్లో చచ్చిన పులి పొడవును కూడా టేపు పెట్టి కొలిచి రాసుకునేవాళ్లు. ఆ పులిని తుపాకీ ముందుకు తోలుకొచ్చిన మన ఊళ్ల జనం పేర్లు మాత్రం ఆ ఫోటోల కింద నాకు ఎక్కడా కనిపించలేదు.

ఒక్క మన దేశంలోనే ఇలా జరిగిందనుకోవద్దు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆడవాళ్ల విలువిద్యలో లిడా హోవెల్ గెలిచింది. ఆమె స్కోర్లు ఇవాళ్టికీ దొరుకుతాయి. అదే ఊళ్లో, అదే ఏడాది ఆగస్టు 12, 13 తేదీల్లో 'ఆంత్రొపాలజీ డేస్' అని ఇంకో తంతు జరిగింది. ప్రపంచ ప్రదర్శన కోసం పట్టుకొచ్చిన రకరకాల ఆదివాసులను నిలబెట్టి ఆటలు ఆడించారు. బాణాల పోటీ కూడా పెట్టారు. ఆ ఫోటోల్లో చాలావాటి కింద ఐనూ మనిషి, పటగోనియా మనిషి అన్న జాతి పేర్లే ఉంటాయి. ఇద్దరూ బాణాలే వేశారు, ఇద్దరినీ కెమెరాలే తీశాయి.

ఇంగ్లండ్ సంగతి చూస్తే ఇంకా అసూయ పుడుతుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 53 ఏళ్ల క్వీనీ న్యూఆల్ బంగారు పతకం గెలిచింది. రెండోస్థానంలో వచ్చిన లాటీ డాడ్ అంతకుముందే అయిదుసార్లు వింబుల్డన్ గెలిచిన మనిషి. అక్కడి క్లబ్బుల ఫోటోల్లో ఎవరో తెలియని ఆవిడ కనిపిస్తే పట్టుకోవడానికి దారులున్నాయి. పోటీల్లో ఎవరెవరు ఎన్నెన్ని పాయింట్లు కొట్టారో రాసిన రిజిస్టర్లున్నాయి. బాణం కాడ మీద ఎవరి రంగు పట్టీలు వాళ్లకుండేవి, ఎవరి బాణం ఎవరిదో తేలడానికి. ఆ పట్టీల వరుస ఫోటోలో కనిపించిందా, సగం పని అయిపోయినట్టే. మన అడవి విలుకాడికి రిజిస్టరూ లేదు, క్లబ్బూ లేదు. అందుకని మనం వేరే దారిలో పోవాలి.

విల్లును నమ్ముకోవద్దన్నాను గానీ, విల్లు చూడొద్దని కాదు. అసలు పట్టుకున్నవాడు విలుకాడేనా అన్నది విల్లే చెబుతుంది.

కుడిచేతి వాటం మనిషి విల్లును ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో నారి లాగుతాడు. ఫోటోలో ఇది అటుదిటుగా ఉంటే చాలామంది "ఎడమచేతి వాటం విలుకాడు" అని తేల్చేస్తారు. ఆగాలి. గాజు పలక నెగటివ్‌ను తిరగేసి అచ్చు వేస్తే ఎవరైనా ఎడమచేతి వాటమే అవుతారు. ఫోటోలో ఎక్కడైనా అక్షరాలున్నాయేమో వెతకండి. చొక్కా వేసుకున్న మగవాడుంటే గుండీలు చూడండి, అవి అతని కుడివైపు అంచున ఉండాలి. ఇవేవీ లేని ఫోటోతో మాత్రం తంటాయే.

తర్వాత బాణం విల్లుకు ఏ పక్కన ఆనిందో చూడాలి. కుడిచేతి మూడు వేళ్లతో నారి లాగేవాడి బాణం విల్లుకు ఎడమపక్కన ఆనుతుంది. బొటనవేలికి ఉంగరం తొడిగి లాగే మొఘలు, టర్కీ పద్ధతిలో అది కుడిపక్కన ఉంటుంది. నెగటివ్ తిరగబడితే చెయ్యీ మారుతుంది, పక్కా మారుతుంది, కాబట్టి ఆ రెంటి జోడీ చెడదు. మూడు వేళ్లతో పట్టి బాణాన్ని ఉంగరం పద్ధతివాళ్ల పక్కన పెట్టాడంటే అతని చేతిలోకి ఆ విల్లు స్టూడియోవాడి గోడ మీంచి వచ్చి ఉంటుందని నా అనుమానం. బాణం తోకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి లాగేవాళ్లతో మాత్రం ఈ లెక్క పనిచేయదు, వాళ్ల బాణం ఎటైనా ఉండొచ్చు. అసలు బొటనవేలే తగలనివ్వకుండా లాగి, దానికి ఏకలవ్యుడి కథ చెప్పే భిల్లులూ ఉన్నారు. కథ నిజమో కాదో వదిలేయండి, భూతద్దం పెట్టి ముందు వేళ్లు చూడటం మంచి అలవాటు.

నారి కూడా చూడాలి. మధ్యభారతపు అడవుల్లో వెదురు విల్లుకు చాలాచోట్ల వెదురు బద్దనే నారిగా కడతారు. భూతద్దంలో అది తాడులా గుండ్రంగా కనపడదు, సన్నటి పట్టీలా ఉంటుంది. బజారు తాడు కట్టిన విల్లు పట్టుకుని, కొత్త పంచె కట్టి, వెనక మెట్లూ పూలకుండీలూ గీసిన తెర ఉంటే, ఆ "అడవి వేటగాడు" అడవి నుంచి వచ్చాడో ఆ వీధి చివర నుంచి వచ్చాడో అడగాల్సిందే.

ఇంకో కిటుకు కాలానికి సంబంధించింది. 1860ల్లో, 70ల్లో వాడిన తడి గాజు పలకల మీద బొమ్మ పడటానికి కొన్ని సెకన్లు పట్టేది. గట్టి విల్లును చెవిదాకా లాగి అంతసేపు వణక్కుండా నిలబడటం ఎంత కష్టమో ఒకసారి లాగి చూస్తే తెలుస్తుంది. అందుకని ఆ కాలపు ఫోటోలో నారి నిండా లాగి, వేళ్లు మాత్రం శిల్పంలో చెక్కినట్టు స్పష్టంగా ఉన్నాయంటే ఆ విల్లులో బలం లేదన్నమాట. వేళ్లు కాస్త చెదిరి ఉంటే నాకు ఆ మనిషి మీద నమ్మకం పెరుగుతుంది. 1880ల తర్వాత పొడి పలకలు వచ్చి ఈ బాధ తప్పింది.

క్రీడా విలువిద్య ఫోటోలు తేలిక, వాటితో ఎక్కువసేపు అక్కర్లేదు. విల్లుకు కప్పీల్లాంటి చక్రాలుంటే అది కాంపౌండ్ విల్లు. దాన్ని కనిపెట్టిన హోలెస్ విల్బర్ అలెన్‌కు పేటెంట్ వచ్చింది 1969లో. చక్రాలున్న విల్లు ఫోటోను "స్వాతంత్ర్యానికి ముందు" అంటే ఒప్పుకోకండి. మన దేశంలో ఆర్చరీ సంఘం పెట్టింది 1973లో, ఒలింపిక్స్‌లో మనవాళ్లు మొదట బాణాలు వేసింది 1988లో సియోల్‌లో. ఇప్పటివాళ్లకైతే గుర్తింపు బాధే లేదు. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలో ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్ బంగారు పతకం గెలిస్తే, వీపు మీదే పేరుంది.

కాయితం సంగతి. దయచేసి ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, ఎవరో పెన్సిల్‌తో గీకిన ఊరు పేరు, అంగడిలో వేసిన ధర, ఏదైనా పనికొస్తుంది. రంపపు పళ్లలాంటి అంచులుంటే 1930ల తర్వాతి అచ్చు అయ్యుండే అవకాశం ఎక్కువ. "సిర్పూర్ తాండూర్" అని జిల్లా పేరులా రాసి ఉంటే 1905కు ముందటి మాట, ఎందుకంటే ఆదిలాబాద్ జిల్లా అయింది అప్పుడే. మళ్లీ 2016లో జిల్లాలు విడిపోయాక అదే ఊరు ఆసిఫాబాద్‌లోనో మంచిర్యాలలోనో నిర్మల్‌లోనో తేలుతుంది. పాత చీటీలో ఉన్న ఊరిని ఇప్పటి ఆదిలాబాద్‌లో వెతికి, లేదని వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

ఇంతవరకు చేసింది కొట్టివేతల పని. ఎవరు కాదో తేలుతుంది. ఎవరన్నది చెప్పాల్సింది జనం.

ఉత్తర తెలంగాణలో ఈ విషయంలో మనకున్న అదృష్టం పేరు హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన ఈ మానవ శాస్త్రవేత్త 1939లో యుద్ధం మొదలైనప్పుడు నిజాం రాజ్యంలో ఇరుక్కుపోయాడు. శత్రుదేశం మనిషి కాబట్టి రాజ్యం దాటి పోనివ్వలేదు. ఆ ఇరుకులోనే చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర, తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి పనిచేశాడు. 1940లో భీంను చంపేశాక గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికీ అవసరం పడింది. ఆయన, భార్య బెట్టీ జైనూరు దగ్గరి మార్లవాయిలో మకాం పెట్టారు. గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన తీసిన ఫోటోలు వేల సంఖ్యలో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. దంపతులిద్దరి స్మారకాలూ మార్లవాయిలోనే ఉన్నాయి. స్టూడియో తెరల ముందు తీసినవాటితో పోలిస్తే ఈ ఫోటోలు వేరే లోకం. మనుషులు వాళ్ల ఇళ్ల ముందు, వాళ్ల పండగల్లో ఉంటారు. గుర్తుపట్టడానికి అది చాలా పెద్ద ఆసరా.

ఎలాగంటే, పండగను బట్టి ఇంటిపేరు తేలుతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. ఆ పూజకు జన్నారం మండలం హస్తలమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చేది మెస్రం వంశం వాళ్లే. తెల్లబట్టల్లో నీళ్ల ఝారీతో నడుస్తున్న వరుస ఫోటోలో కనిపిస్తే, అందులోని మగవాళ్ల ఇంటిపేరు మీరు ఊహించక్కర్లేదు. ఆ ఇంటిపేరు దొరికాక పర్ధాన్ల దగ్గరికి పోవచ్చు. కీక్రి అనే తీగల వాయిద్యం వాయిస్తూ గోండు వంశాల కథలు పాడే వాళ్లు వీళ్లు, తరతరాలుగా ఒక్కో పర్ధాన్ కుటుంబానికి తమ గోండు ఇళ్లు ఉంటాయి. ఎవరి తాత ఎవరో వాళ్ల నోట్లో ఉంటుంది. మార్లవాయి ఫోటోల్లో చంకపిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు 80 దాటాయి. సోయాస్ ఎక్కడికీ పోదు, వీళ్ల సంగతే తొందర.

నా దగ్గరున్న ఒక ఫోటో చెబుతాను. పోస్టుకార్డు సైజు, రంపపు అంచులు, వెనక సగం చెరిగిన ఊదారంగు ముద్ర. నలుగురు మగవాళ్లు, ఒక పిల్లాడు, ఒక కుక్క. మధ్యలో ఉన్నతను విల్లు ఎక్కుపెట్టి ఉన్నాడు, వేళ్లు కొంచెం చెదిరాయి, నారి పట్టీలా ఉంది. విల్లు కుడిచేతిలో ఉంది. ఎవరికీ చొక్కాల్లేవు, ఎక్కడా అక్షరం లేదు. ఎడమచేతి వాటమా, తిరగబడ్డ అచ్చా తేలక చాలాకాలం అట్లాగే పెట్టెలో ఉంది. ఉట్నూరులో పనిచేసే ఒక సారు ఆ గుడిసె కప్పు, వెనక గుట్ట వరుస చూసి జైనూరు వైపు అడుగుదామన్నారు.

అక్కడ ఒక ఊళ్లో ఒక పెద్దావిడ ముందు ఫోటో పెట్టాం. నేను విలుకాడి మీద వేలు పెట్టలేదు. ఇది నా నియమం, మనం వేలు పెట్టి "ఈయన ఫలానానా?" అంటే మర్యాదకైనా అవునంటారు. ఆవిడ విలుకాణ్ని చూడనే లేదు. అంచున కుక్క మెడ పట్టుకుని నిలబడ్డ పిల్లాడి దగ్గరే ఆగింది. గోండిలో ఏదో అని నవ్వింది.

"గీ పిలగాడు మా అవ్వకు మేనమామ అయితడట సార్," అన్నాడు మనవడు.

"ఎట్ల గుర్తుపట్టిందట?"

అడిగి చెప్పాడు. "చెవి సార్. తమ్మె చీలి ఉంటుండెనట. పెద్దగైనంక గూడ గట్లనే ఉండెనట." ఈలోపు ఆవిడ తన ఎడమచెవి పట్టుకుని చూపించింది.

ఫోటోలో చీలిన తమ్మె కుడిచెవిది. ఎదురుగా చూసిన మనిషిని గుర్తుచేసుకునేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి అంతటితో ఎగిరి గంతేయలేదు. ఆమె చెల్లెలి వరస ఆవిడ రెండు వీధుల అవతల ఉంటే వెళ్లి, ఫోటో చూపించకుండా, ఆ మేనమామ చెవి సంగతి అడిగించాం. ఆవిడా ఎడమచెవే అంది. ఎప్పుడూ అటువైపు రుమాలు దించి కట్టుకునేవాడని కూడా చెప్పింది. అంటే అచ్చు తిరగబడింది, విలుకాడిది కుడిచేతి వాటమే. విల్లును ఎంత భూతద్దంతో చూసినా తేలని విషయం ఒక పిల్లాడి చెవితో తేలింది.

ఈ మధ్య పాత ఫోటోలను ఫోన్‌లో యాప్‌కిచ్చి "క్లియర్" చేయిస్తున్నారు. ఆ యాప్ లేని కనురెప్పలు గీస్తుంది, వంకర చెవులు సరిచేస్తుంది, రంగులు పూస్తుంది. మా ఇంట్లో కుర్రాడు ఈ ఫోటోకీ అదే వైద్యం చేశాడు. పిల్లాడి చెవి చక్కగా, నున్నగా, చీలిక లేకుండా వచ్చింది. ఆ బొమ్మ పట్టుకుని జైనూరు పోయి ఉంటే పెద్దావిడ ఎవరినీ గుర్తుపట్టేది కాదు. ఫోటోను ఉన్నదున్నట్టు, మరకలతో సహా పెద్దది చేయించి తీసుకెళ్లండి. మధ్యలో మనిషి ఒక్కణ్నే కత్తిరించి మాత్రం తీసుకెళ్లకండి.

విలుకాడికి ఇప్పుడు రెండు పేర్లున్నాయి. మొదటి ఊళ్లో ఒక పేరు చెప్పారు, వాగు అవతలి ఊళ్లో ఇంకో పేరు చెప్పారు. ఇంటిపేరు దగ్గర రెండు ఊళ్లూ ఒప్పుకున్నాయి. రెండూ ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాసి, ఎవరు చెప్పారో, ఏ నెలలో చెప్పారో పక్కన వేసి, ప్రశ్నార్థకం పెట్టాను. బాల్‌పెన్ను వాడితే అచ్చు ముందువైపుకి గాటు దిగుతుంది. "తెలియదు" అని రాయడానికీ "ఇద్దరిలో ఒకరు" అని రాయడానికీ చాలా దూరం ఉంది. "గోండు విలుకాడు" అన్న చీటీకీ దీనికీ అయితే పోలికే లేదు.

ఇంత తిరిగి ఒక పేరు పట్టుకుంటే ఏమొస్తుందని మా బ్యాంకులో అడుగుతుంటారు. ఆ ప్రశ్న వాళ్ల తాత ఫోటో గురించి ఎవరూ అడగరు. పెళ్లిలో దిగిన గ్రూపు ఫోటోలో చివరి వరుసలో సగం తల కనిపించే మనిషి ఎవరో తేల్చుకోవడానికి వీళ్లే మూడు ఊళ్లకు ఫోన్లు చేస్తారు. కాకపోతే ఇంకో అభ్యంతరం ఉంది, అది గట్టిది. పేరు దొరకగానే లోకానికి చెప్పే హక్కు మనకుందా? నమూనాల్లా నిలబెట్టి తీసిన ఫోటోలు కొన్నిటిని చూస్తే, ఆ పక్కన తమ ముత్తాత పేరు కనిపించాలని ఏ ఇంటివాళ్లూ కోరుకోకపోవచ్చు. పేరు మ్యూజియం చీటీ మీదికి ఎక్కాలా వద్దా అన్నది పేరు కనిపెట్టినవాడు తేల్చేది కాదు, ఇంటివాళ్లు తేల్చాలి. లండన్‌లో ఉన్నా, హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ మ్యూజియంలో ఉన్నా, జోడేఘాట్ మ్యూజియంలో ఉన్నా, ఏ పాత ఫోటోకైనా ఇదే వరస ఉండాలని నా వాదన. ముందు ఊరికి ఒక అచ్చు వెళ్లాలి, తర్వాతే గోడకు ఎక్కాలి.

జైనూరు వాళ్లకు అచ్చులు చేయించి ఇచ్చాను. పిల్లాడి తరఫు వాళ్లు ఫ్రేము కట్టించుకున్నారు. విలుకాడి మనవలమని చెప్పిన రెండు ఇళ్లవాళ్లూ తీసుకున్నారు. తీసుకుంటూ ఫోన్లలో తిప్పొద్దన్నారు, ఎవడో ఒకడు కింద భీం అని రాస్తాడట. అందుకే ఈ వ్యాసానికి ఆ ఫోటో పెట్టలేదు. అడిగినా పంపను.